పాటలో జాగా అడిగిన మనిషి

పోయిన నెలలో ఒక శుక్రవారం మా పక్కింటి చాచా పోయాడు. వనపర్తిలోని తన మోటారు వైండింగ్ దుకాణంలోనే, చేతిలో రాగితీగ చుట్ట ఉండగానే స్టూలు మీది నుంచి పక్కకు ఒరిగాడట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ఆ సమయానికి నేను నాగర్‌కర్నూల్‌లో ఒక సభలో మాట్లాడుతున్నాను. జేబులో ఫోను మూడుసార్లు వణికింది. తీయలేదు. మైకు చేతికొస్తే నేను ఎవరి కోసమూ ఆగను. ఆ పేరు నాకు జిల్లా అంతా ఉంది. ఉపన్యాసం అయ్యాక తీస్తే చాచీ గొంతు: "నీ చాచా పోయిండు బేటా. జర జల్దీ రా."

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. ఎవరు పెట్టారో ఈ నియమం! బతికున్నన్నాళ్లూ ఆయన నన్ను విసిగించాడు, పోయి కూడా విసిగిస్తున్నాడు. అది చెప్పకపోతే ఆయన గురించి రాసినట్టే కాదు. పైగా ఇప్పుడు మా మిత్రులు కొందరు ఫోన్లలో ఆయన ఫొటో పెట్టి 'గొప్ప కళాకారుడు' అని రాస్తున్నారు. మొన్నటిదాకా "మన పాటకు డప్పు చాలు, ఈ విదేశీ గిటారెందుకు" అని లొల్లి పెట్టుకున్నది వీళ్లే. ఒకాయన ఆ మాట చాచా ముఖం మీదే అన్నాడు. చాచా నవ్వి, "మరి నువ్వు పట్టుకున్న మైకు మీ తాత చేసిండా?" అని అడిగాడు.

ఆయన వాయించింది మామూలు గిటారు కాదు, బేస్ గిటారు. నాలుగే తీగలు, లావుపాటివి. పాట అడుగున బరువుగా నడిచే ఆ ధ్వనిని చాలామంది గమనించనైనా గమనించరు. వయసులో ఉన్నప్పుడు గద్వాల ఆర్కెస్ట్రాలో పెళ్లిళ్లకూ దర్గా ఉర్సులకూ వాయించేవాడు. ఆర్కెస్ట్రాలు మూతబడ్డాక మోటార్లు చుట్టుకుని బతికాడు. "వినపడని వాద్యం ఎందుకు చాచా?" అని నేను ఎగతాళి చేస్తే, "బోరు మోటరు భూమిలుంటది, కనవడదు. నీళ్లు పైకొస్తయి. బేస్ గంతే బేటా" అనేవాడు.

సంఘాల సభల కోసం మేం కట్టే పాటలను పట్నం స్టూడియోలకు ఇచ్చి విసిగిపోయాం. కూలీ పాటయినా, చావు పాటయినా ఒకటే కీబోర్డు దరువు వేసి పంపేవాళ్లు. ఇంట్లోనే రికార్డు చేద్దామనుకున్నప్పుడు చాచా తన వెనకగది ఇచ్చాడు, మళ్లీ బేస్ పడతానన్నాడు. సరే, ఒకటి కొందామని ఆయనతో హైదరాబాద్ పోవడం నేను చేసిన తప్పు. దుకాణదారు ఆంప్లిఫయర్‌కు తగిలించి ఇవ్వబోతే వద్దన్నాడు. గిటారు చెక్కకున్న కొమ్మును దుకాణం చెక్క తలుపుకు ఆనించి, తలుపుకు చెవి పెట్టి వాయించడం మొదలుపెట్టాడు. లోపలికి వచ్చేవాళ్లు బయటే, బయటికి పోయేవాళ్లు లోపలే.

"అంకుల్, ఆంప్లిఫయర్ ఉంది కదా!"

"అది మీ దిక్కు మాట్లాడుతది. తలుపు ఎవరి దిక్కూ మాట్లాడదు."

ఇట్లా మూడుసార్లు పోయాం, ప్రతిసారీ ఖాళీ చేతులతో తిరిగొచ్చాం. చివరికి ఎక్కడ దొరికిందనుకున్నారు? గద్వాలలో ఒక ఫొటో స్టూడియోలో! పెళ్లికొడుకులు పట్టుకుని ఫొటో దిగడానికి గోడకు తగిలించిన పాత బేస్. దానికి రెండే తీగలున్నాయి. అన్నేళ్లలో మిగతా రెండూ ఏవని ఏ పెళ్లికొడుకూ అడగలేదట. చాచా దాన్ని తలుపుకు ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విని, "గిదే" అన్నాడు.

"వైరు పెడితే మోగడమే లేదు కదా చాచా!"

"చెక్క బతికే ఉంది. గొంతు పోయింది. గొంతు నేను పెడ్త."

గొంతంటే పికప్. తీగల కింద అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి ఉంటుంది. తీగ వణుకును కరెంటుగా మార్చేది అదే. మోటార్లు చుట్టే మిషను మీద అంత సన్నని తీగ తెగిపోతుందని, ఆ పికప్‌ను చాచీ కుట్టుమిషను చక్రానికి బిగించాడు. చాచీ చక్రం తిప్పుతూ లెక్కపెడుతోంది, ఆయన వేళ్ల మధ్య నుంచి తీగ వదులుతున్నాడు. సరిగ్గా అప్పుడే నేను పేపరు పట్టుకుని, ఒక సంపాదకీయం మీద మండిపడుతూ లోపలికి పోయాను. చాచీ చెయ్యి ఆగిపోయింది.

"నీ నోరు పాడుగాను! మూడువేలు దాటినం. పాయె లెక్క!"

"ఇంత అన్యాయం జరుగుతుంటే చాచీ..."

"అన్యాయం గిది! గిది!" అని ఆమె పికప్‌ను వేలితో పొడిచి చూపించింది.

ఓ వంద చుట్లు అటూ ఇటూ అయితే ఏం మునుగుతుందని అడిగాను. చాచా చుట్టిందంతా విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించాడు.

తర్వాత బేస్‌కు గుయ్యిమనే చప్పుడు పట్టుకుంది. అది పోవాలంటే ఎర్తింగ్ బాగుండాలని పెరట్లో గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలమంతా పొద్దున్నే రెండు బిందెలు పోశాడు. మా వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆడవాళ్లు ఆయన్ను తిట్టారు, వాళ్ల తరఫున నేనూ తిట్టాను. "కింద సక్కగ లేకుంటే పైన ఎంత పెద్ద డబ్బా పెట్టినా గుయ్యిమంటనే ఉంటది. మీ సంఘాలకు గూడ చెప్పు ఈ మాట" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మండడానికి కారణం తెలిసే ఉంటుంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? మార్కెట్ మాయ మీద పుస్తకం రాసినవాణ్ణి, నెలరోజులు పరికరాల వీడియోలు చూసి ఒక ఖరీదైన కండెన్సర్ మైకు తెప్పించాను. అది మా గాయని గొంతుతో పాటు వీధి చివర కుక్కనూ, నీళ్ల ట్యాంకరునూ, పక్కింట్లో పోపునూ పట్టుకుంది. చాచా హెడ్‌ఫోన్లు తీసి, "గిది మైకు గాదు బేటా, జాసూసు. అందరి ముచ్చట్లు ఇంటది" అన్నాడు. తన పాత ఆర్కెస్ట్రా మైకునే స్టాండుకు పెట్టాడు. కంప్యూటరుకు తగిలించే డబ్బా కూడా రెండు వైర్లు పట్టేదే చాలన్నాడు: "మనకు నోరొకటి, గిటారొకటి. ఎనిమిదెందుకు?" గోడలకు బొంతలు వేలాడదీశాడు. రికార్డింగ్ సమయంలో ఫ్యాను బందు, ఫ్రిజ్ కూడా బందు. మళ్లీ వేయడం మరచిపోకుండా స్కూటరు తాళంచెవిని ఫ్రిజ్‌లో పెట్టేవాడు. కోడిగుడ్ల మధ్య తాళంచెవి కనబడితే చాచీ వంటింట్లోంచే అరిచేది: "ఇగో, మీ సంగీతం గుడ్డువెట్టింది!"

ఇదంతా భరించాను. మా ఇద్దరికీ చెడింది వీటి దగ్గర కాదు, నాలుగు పంక్తుల దగ్గర.

గద్వాల దిక్కు విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేన్లలో మొగ్గలు గిల్లి, పూలకు పుప్పొడి అద్దే ఆడపిల్లల మీద నేనొక పాట రాశాను. పాడింది మా గాయని, ఆత్మకూరు చెల్లె. చిన్నప్పుడు బడి మాని ఆ చేన్లలోనే పనిచేసిన మనిషి, మగవాడి గొంతంత లోతైన గొంతు. మూడో చరణంలో "వేళ్లకేమో పుప్పొడంటె, పలకకేమో దుమ్మంటె" అని పాడగానే చాచా చెయ్యెత్తి ఆపాడు. దాని తర్వాత నాలుగు పంక్తులున్నాయి. దళారీలను, కంపెనీలను, ప్రభుత్వాన్ని వరుసగా నిలబెట్టి కడిగేసిన పంక్తులు.

"గీ నాలుగు లైన్లు తీసెయ్యి."

"ఎందుకు తీయాలి? పాటకు ప్రాణమే అవి!"

"పిల్ల వేళ్లు చూపెట్టినవ్. అయిపాయె. ఇగ నడుమ నువ్వెందుకొస్తున్నవ్?"

"నేను రావడమేంది చాచా? రాజకీయం చెప్పొద్దా?"

"చెప్పు. ఎవలొద్దన్నరు? గని నీ పాటల గాలి ఆడ్తలేదు. నేను ఏడ నిలవడాలె? ఆ జాగ నాకియ్యి, వాయిస్త."

నాలుగు తీగలు ఏం చెబుతాయని అడిగాను. బేస్‌కు దళారీ పేరు తెలుసా అని అడిగాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. ఆత్మకూరు చెల్లె గోడకున్న బొంత వైపు చూస్తూ కూర్చుంది. ఇది నీ పాట, నువ్వేమంటావని ఆమెను ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. లేచి వచ్చేశాను. ఆయన పోయేదాకా, నెలన్నర మాటల్లేవు.

మాటలు లేవు గానీ మా ఇళ్లకు గోడ ఒకటే. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చాక ఆయన ఆ చెల్లె పాడిన రికార్డు పెట్టుకుని దాంతోపాటు బేస్ వాయించేవాడు. ఆమె గొంతు గోడ దాటి వచ్చేది కాదు, నేను రాసిన ఒక్క మాటా వచ్చేది కాదు. బేస్ వచ్చేది. కుర్చీలోంచి వీపులోకి వచ్చేది. మూడో చరణం దాకా ఒకలా నడిచి, తర్వాత ఒక్కో మెట్టూ కిందికి దిగేది. రోజూ అక్కడే, ఆ నాలుగు పంక్తులంత సేపు. ఒకరోజు మూడు మెట్లు దిగి ఆగేది, ఇంకోరోజు మొదటి మెట్టు మీదే నిలబడిపోయేది. పంతం పట్టాడనుకుని నేను టీవీ శబ్దం పెంచేవాణ్ణి. అయినా వచ్చేది.

ఆయన పోయిన నాలుగో రోజు చాచీని అడిగాను, ఆ వాయింపు కంప్యూటర్లో ఎక్కించాడా అని.

"లేదు బేటా. ఎక్కియ్యమంటే, 'రాసినోడు ఒప్పుకోకుండ ఎట్ల ఎక్కిస్త, దొంగతనమైతది' అనె. నువ్వొస్తవని రోజూ తలుపు గడియ పెట్టకుండ దగ్గరికే ఉంచె."

ఇక అడ్డు చెప్పేవాడు లేడు. నాలుగు పంక్తులూ అట్లాగే ఉంచుకోవచ్చు. మిత్రులు కూడా అదే అన్నారు, ఉంచు, ఊరికే ఖాళీ ఎందుకని. ఈసారి ఆత్మకూరు చెల్లెను అడిగాను. "నన్నడిగితే ముందుగాలనే చెప్తుంటి అన్నా. ఆ లైన్లు మీయి. అంతకు ముందటి లైను నాది" అంది. ఆ పంక్తులు తీసేశాను. ఆ చోట వేరే ఎవరితోనో బేస్ వాయించి పెట్టడానికి మనసొప్పలేదు. ఎవరికి తెలుసు ఆ మెట్లు? నాకు తెలుసు, కానీ నా వేళ్లకు రాదు. ఆ నాలుగు పంక్తులంత సేపూ పాటను ఖాళీగానే వదిలేశాను.

మొన్న గద్వాల దగ్గర ఒక ఊళ్లో కూలీల సభలో ఆ పాట మొదటిసారి పెట్టారు. మూడో చరణంలో "పలకకేమో దుమ్మంటె" అన్నాక మైకు సెట్టు మూగబోయింది. సెట్టాయన ఉలిక్కిపడి లేచాడు. వైర్లు ఊపి చూశాడు, డబ్బా మీద ఒకటి చరిచాడు, "ఏమాయెరా దీనికి" అంటూ నావైపు చూశాడు. ఏం కాలేదని చెప్పడానికి నోరు తెరిచి, ఆగాను. జనంలో ఎవరూ కదలడం లేదు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఒకామె, నా వయసే ఉంటుంది, ఒళ్లో పెట్టుకున్న చేతులను మెల్లగా వెల్లకిలా తిప్పి, వేళ్ల కొసలు చూసుకుంటోంది.