గట్టర్లో నూలు కట్టు

నేహకు నాలుగేళ్లు. ఆ వానాకాలంలో పిల్లకు మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. మూడోసారి సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు. నర్సు రెండు చేతులూ వెతికి, చివరికి పాదం పట్టుకుంది. తల్లి కోమల్ రెండో పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి గోరును నొక్కి వదులుతూ కూర్చుంది. తెల్లబడిన గోరు ఎన్ని క్షణాలకు మళ్లీ ఎర్రబడుతుందో చూస్తే ఒంట్లో నీళ్లు ఎంత తగ్గాయో తెలుస్తుంది. మైక్రోబయాలజీలో బీఎస్సీ చదివింది కాబట్టి ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలియకపోతే ఆ రాత్రి కొంచెమైనా నిద్రపోయేదేమో.

“నాలుగోసారి రానివ్వకండి. పిల్ల తట్టుకోలేదు. ముందు నీళ్లు చూసుకోండి,” అన్నాడు డాక్టరు.

కోమల్ మరిగించిన నీళ్లే ఇస్తోంది. కానీ నాలుగేళ్ల పిల్ల స్నానం చేస్తూ మగ్గులో నీళ్లు తాగుతుంది. పళ్లు తోముకుంటూ మింగుతుంది. ఎదురింట్లో ఆడుకుంటూ ఎవరిదో గ్లాసు ఎత్తుతుంది. గల్లీ అంతటి నీళ్లను ఏ తల్లి మరిగించగలదు?

ముంబై పక్కనున్న భివండీలో, టెంఘర్ వైపున్న ఆ గల్లీలో కింద సాంచాలు, పైన కుటుంబాలు. సాంచాలంటే పవర్‌లూమ్‌లే. పగలంతా వాటి చప్పుడుకు గోడలు, గోడలకు తగిలించిన గిన్నెలు అదురుతూనే ఉంటాయి. కోమల్ పుట్టింది ఈ ఊళ్లోనే, చదివింది మరాఠీలో. పెళ్లయ్యాక పదో తరగతి పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెబుతోంది. ఆమె మామ పర్శరాములు నలభై ఏళ్ల కింద సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి, సాంచాలు నడిపి, జాబర్ అయ్యాడు. చెడిపోయిన సాంచను చప్పుడు విని బాగుచేసే మనిషి. గల్లీలో ఏది పాడైనా జనం ముందు ఆయన దగ్గరికే వస్తారు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే కోమల్ తాను చదివిన కాలేజీకి పోయి నాలుగు చిన్న సీసాలు తెచ్చింది. లోపల మందు పట్టించిన కాగితం ఉంటుంది. నీళ్లు పోసి రెండు రోజులు ఉంచితే, నీళ్లలో మలం కలిసి ఉంటే సీసా నల్లబడుతుంది. ఒకదాంట్లో గల్లీ మొదట్లో పెద్ద పైపు నీళ్లు పట్టింది. ఒకదాంట్లో మొదటి ఇల్లయిన శాంతాబాయి కొళాయివి. మూడోది తమ ఇంటిది, నాలుగోది చివరింట్లో పైన ఉండే హనుమాండ్లుది. అన్నిటికీ పేర్లు రాసి ఫ్రిజ్ మీద పెట్టింది.

మూడో రోజు పొద్దునకు మొదటి రెండూ తేటగానే ఉన్నాయి. తర్వాతి రెండూ బొగ్గులా మారాయి.

హనుమాండ్లు తన సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. “ఏంది కోమల్, మా నీళ్లల్ల సిరా గిన పోసినవా?”

“నేనేం పొయ్యలే మామా. మీ కొళాయే పోసింది.”

“గిన్నేండ్లసంది తాగుతున్న. నాకేం గాలె. చూడు, పొట్ట ఎట్లున్నదో!” అని పొట్ట మీద చరుచుకున్నాడు. మెట్ల మీద కూర్చున్న వాళ్లు నవ్వారు.

శాంతాబాయి నీళ్లు మంచివి, తమవి చెడ్డవి. అంటే దోషం ఆ రెండిళ్ల మధ్యే ఉంది. ఆ మధ్యాహ్నం నేహ నిద్రపోగానే కోమల్ గోడ వెంట మురికినీళ్లు పోయే గట్టర్ మీది ఫర్షీ బండలు ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయింది. ఆరో బండ కింద కనబడింది. శాంతాబాయి ఇల్లు దాటాక మిగతా ఇళ్లన్నిటికీ పోయే పైపు గట్టర్లో సగం మునిగి ఉంది. పైపు అతుకు చుట్టూ పిడికిలంత నూలు కట్టు, నల్లగా, జిగటగా, నాచు పట్టి ఉంది.

ఆ కట్టు ఎవరిదో అడగాల్సిన పని లేదు. పోగు చివరను కనబడకుండా లోపలికి దోపి ముడి బిగించేది గల్లీలో ఒక్క పర్శరాములే. రెండేళ్ల కింద అతుకు కారుతుంటే ప్లంబర్‌ను వద్దని, సాంచాల కింద రాలిన నూలు ఏరి, గంజిలో ముంచి, ఆయనే కట్టాడు. చాలామంది ఇళ్లకూ అట్లనే కట్టిపెట్టాడు. చాయ్ తప్ప ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు.

సాయంత్రం ఆయన వరాలా చెరువు దాకా నడిచి వచ్చి చెప్పులు విప్పుతుంటే కోమల్ అడిగింది.

“మామా, ఆరో బండ కింద కట్టు మీరు గట్టిందేనా?”

“నాదే. రెండేండ్లాయె, సుక్క కారలే.”

“బయటికి కారలే. లోపటికి కారుతున్నది.”

“లోపటికెట్ల పోతది? నూలు తడిస్తే ఉబ్బుతది, బొక్క మూస్కుంటది. నలభై ఏండ్లసంది సాంచల కాడ ఇదే చేస్తున్న.”

“సాంచల కాడ గట్టర్ లేదు గద మామా. దీపంల వత్తి ఏం జేస్తది?”

“నూనె పీలుస్తది.”

“మరి గట్టర్ల పెట్టిన వత్తి ఏం పీలుస్తది?”

కోమల్ ఆగలేదు. కొళాయి జోరుగా వచ్చేటప్పుడు నీళ్లు బయటికే తోస్తాయని, కానీ హనుమాండ్లు మోటర్ పెట్టి లాగినప్పుడు పైపు చుట్టుపక్కల ఏది ఉంటే దాన్ని లోపలికి లాక్కుంటుందని చెప్పింది. కాగితం మీద బొమ్మ కూడా గీసింది.

“నీ సదువు నా చేతిపని మీద సూపెడుతున్నవా?” అని ఆయన లేచి పోయాడు. ఆ పూట అన్నం తినలేదు.

“నాయినను నలుగుట్ల చిన్న చెయ్యకు,” అన్నాడు భర్త రితేష్. “మనింటికి చప్పుడు చెయ్యకుంట వేరే పైపు ఏపిస్త, బస్.”

“మనింటికి మారిస్తే నేహ గల్లీల ఎవ్వరింట్ల నీళ్లు తాగదా?”



మర్నాడు ఆమె మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి, మోటర్లు ఆపాలని, పైపులు గట్టర్లోంచి తీయాలని అడిగింది.

“మోటర్ బంద్ జేస్తే పైకి నీళ్లెట్ల ఎక్కుతయ్? నీ బిడ్డ కోసం మా ఇల్లు ఎండాల్నా?” అన్నాడు హనుమాండ్లు.

“వానలు పోనియ్ బిడ్డా, దీపావళికి చూద్దం,” అన్నాడు కనుకయ్య. ఆయన కిందింట్లో ఉంటాడు, ఏ గొడవలోకీ రాడు.

“మామ గట్టింది కోడలు ఇప్పుతదంట!” వెనక ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

పర్శరాములు అరుగు మీద ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. ఒక్క మాట ఆయన నోటి నుంచి వస్తే అందరూ వినేవారే.

“దీపావళి దాంక ఆగమని రోగానికి ఎవరు చెప్తరు? మీరు చెప్తరా కనుకయ్య మామా?” అని కోమల్ లోపలికి వచ్చేసింది. నేహ నిద్రలో మూలిగితే పరుగున పోయి నుదురు పట్టి చూసింది. ఏమీ లేదు, కల.

గల్లీకి నీళ్లు పొద్దున ఏడింటికి వస్తాయి. మరునాడు ఆ వేళకు బకెట్లు, బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. పైన మోటర్ గుర్రుమంది. కోమల్ పోగులు కత్తిరించే కత్తెర తీసుకుని, ఆరో బండ పక్కకు నెట్టి, చీర చెంగు దోపుకుని గట్టర్ మీద కూర్చుంది.

“ఏయ్, ఏం జేస్తున్నవ్?” శాంతాబాయి కేక వేసింది.

కట్టు గట్టిగా ఉంది. మూడు నాలుగు కోతలకు తెగింది. నీళ్లు ఆమె ముఖానికి ఎగజిమ్మాయి. శాంతాబాయిది తప్ప గల్లీలో కొళాయిలు ఒక్కొక్కటే సన్నబడి ఆగిపోయాయి.

హనుమాండ్లు నోట్లో బ్రష్‌తోనే మెట్లు దిగి వచ్చాడు. “పిచ్చి లేసిందా నీకు?”

కోమల్ తడిసిన ముఖంతో లేచి, ఆ నల్లటి నూలు ముద్దను ఆయన ముందు పట్టింది. “మీ మోటర్ పీల్చింది ఇదే. వాసన చూడుండ్రి. చూడుండ్రి మామా, రెండేండ్లసంది తాగుతున్నరు గద!”

ఆయన బ్రష్ తీసి ఉమ్మి, రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇప్పుడు నీళ్లెట్ల?” అని ఆడవాళ్లు అరిచారు.

“శాంతాబాయి కొళాయి మంచిగున్నది. ఆడ పట్టుకోండ్రి. నేను గూడ మోస్త. కాని దీనికి మళ్ల నూలు గడితే మళ్ల కోస్త. రేపు గడితే రేపు కోస్త.”

“కోమల్, లోపటికి రా,” అన్నాడు రితేష్ గుమ్మంలోంచి.

“రాను.”

అప్పుడు పర్శరాములు వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన కోడలి చేతిలోని ముద్దను తీసుకుని పిండాడు. నల్లనీళ్లు ముంజేతి మీదుగా మోచేయి దాకా కారాయి. ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దించేశాడు.

“హనుమాండ్లూ, మోటర్ తీగ పీకు,” అన్నాడు.

“అన్నా, నువ్వు గూడనా?”

“ఈ గల్లీల నేను గట్టినవి పదకొండున్నయ్. అది కోసింది ఒక్కటే.” ఆయన ముద్దను బండ మీద పడేశాడు. “పైపులు గోడ మీదికెల్లి తెద్దం. గట్టర్ల ఇగ వద్దు.” తర్వాత కోడలి ముఖం చూడకుండానే చెయ్యి చాచాడు. “కత్తెర ఇటు దే. నా ముడి నువ్వు కోసుడేంది.”

కోమల్ కత్తెర ఇవ్వలేదు.

“రెండోది ఏడున్నదో సూపెట్టుండ్రి మామా. నేనే కోస్త.”

ఆయన ఒక క్షణం ఆమె వైపు చూసి, హనుమాండ్లు నిలబడ్డ బండను వేలితో చూపించాడు. కోమల్ పోయి ఆ బండ పక్కన కూర్చుంది. హనుమాండ్లు కదల్లేదు. ఆమె కూడా లేవలేదు. శాంతాబాయి కొళాయి దగ్గర బిందెల చప్పుడు మొదలైంది. హనుమాండ్లు పెళ్లామే అందరికంటే ముందు నిండు బిందెతో వస్తూ, “జరుగరాదు, ఎంతసేపు నిలబడుతవ్!” అని గద్దించాక, హనుమాండ్లు బండ మీది నుంచి కాళ్లు తీశాడు.