ముల్లు ఇరుక్కోని రికార్డు

పోయిన బుధవారం పొద్దున కాలేజీకి బయలుదేరి స్కూటీ స్టాండు తీస్తుంటే ఫోను మోగింది. "బిడ్డా, మా బావ పోయిండు. చాయ తాగిండు, గ్లాసు కింద పెట్టిండు, గంతే" అంది అవతలి గొంతు. మా గల్లీ అంతా మైకుసెట్టు తాత అని పిలిచే మనిషి గురించి ఆ మాట. చెప్పింది ఆయన తమ్ముడి భార్య. ఆ తమ్ముడు ఎప్పుడో పోయాడు. చింతమడక అవతల చిన్న ఊరు ఆమెది. నలభై ఏళ్ళు ఆ ఇంటి గడప తొక్కని తాత చివరికి ఆ ఇంటి అరుగు మీదే కన్నుమూశాడు. ఆయన్ని అక్కడికి తీసుకుపోయింది నేనే. మంచి పనే చేశానని ఇప్పుడు అనగలుగుతున్నాను గానీ, మొదట్లో మాత్రం ఈ మనిషిని చేజేతులా చంపుకున్నానా అని భయపడ్డాను.

సిద్దిపేటలో మా ఇంటి ఎదురుగానే తాత దుకాణం. దుకాణమంటే ఒక రేకుల గది. పెళ్ళిళ్ళకు, బోనాలకు కిరాయికిచ్చే ఆంప్లిఫైయర్లు, గరాటు మూతి హారన్లు, వైరు చుట్టలు. డీజేలు వచ్చాక ఆయన్ని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అయినా రోజూ పొద్దున హారన్లను తడిగుడ్డతో తుడిచేవాడు. లోపల సాలీడు గూడు పెట్టిందేమోనని తల దూర్చి మరీ చూసేవాడు. డీజే బండి గల్లీలోంచి పోయినప్పుడల్లా "సౌండు పెంచితే పాట పెరుగదు బిడ్డా, చెవు తరుగుతది" అనేవాడు. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ మాటను ఏళ్ళ తరబడి క్లాసులో నా సొంత మాటలాగా వాడుకున్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆయనకొక అలవాటుండేది. మైకు చేతిలోకి తీసుకునే ముందు తలెత్తి పైకి చూసేవాడు. గదిలో కూర్చుని పాడైన మైకు విప్పుతున్నా సరే, పైన రేకులు తప్ప ఏమీ లేకపోయినా సరే, చూడాల్సిందే. "మనిషి దిగినంకనే మైకు" అనేవాడు. హారన్ కట్టడానికి ఎవరైనా చెట్టెక్కినప్పుడు కింద ఎవరూ మైకులో మాట్లాడకూడదట. ఎక్కినవాడి చెవి సరిగ్గా హారన్ మూతి దగ్గరే ఉంటుంది. హారన్ పలుకుతుందో లేదో తెలియడానికి సన్నగా ఒక రికార్డు పెట్టి వదిలేస్తారు, అంతే. పద్ధతి మంచిదే. కానీ రేకుల కింద కూడా పైకి చూడడమేంటని నేను నవ్వుకునేదాన్ని.

నాలుగు నెలల కిందట మా కాలేజీ సైన్సు ప్రదర్శనకు పాత రికార్డు ప్లేయరు కావాల్సి వచ్చింది. తాతను అడిగితే మంచం కిందున్న పెట్టె లాగమన్నాడు. ప్లేయరు కింద తువ్వాలలో చుట్టిన ఒక పెద్ద రికార్డు కనిపించింది. కవరు మీద నారింజ, ఊదా రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. నలుగురు పొడుగు జుట్టు కుర్రాళ్ళు, వాళ్ళ నుదుటి మీద పూలు. ఇంగ్లీషు అక్షరాలు ఎండకు కరిగిన మైనంలా జారిపోయి ఉన్నాయి, ఎంత చదివినా పేరు అర్థం కాదు.

"తాతా, గిదేంది?"

"ముట్టకు బిడ్డా. గది దయ్యం రికార్డు. గది మా తమ్మున్ని తిన్నది."

గోడ వైపు చూస్తూ చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో పాత రికార్డుల కుప్ప కొంటే అందులో ఇదీ వచ్చిందట. ఇలాంటి పాటలు పెళ్ళిలో ఎవరికి కావాలి? అందుకే హారన్లు పరీక్షించడానికి దీన్ని వాడుకున్నాడు. తమ్ముడి ఊళ్ళోనే ఒక పెళ్ళి. తమ్ముడు వేపచెట్టు మీద మూడో హారన్ కడుతున్నాడు. కింద ఈ రికార్డు పెట్టి తాత చాయకు పోయాడు. రికార్డు అయిపోయింది గానీ ఆగలేదు. చివర్లో ఒక ఆడగొంతు సన్నగా మూలిగినట్టు అదే రాగం మళ్ళీ మళ్ళీ తీస్తూ పోయింది. జనం బిత్తరపోయి నిలబడ్డారు. అప్పుడే తమ్ముడు చెట్టు మీంచి పడ్డాడు. తల రాయికి తగిలింది. ఆ ఆడగొంతు పిలిస్తేనే పోయాడని ఊరంతా అన్నది.

నాకు ఊరుకునే గుణం లేదు. కవరు ఫొటో తీసి ఇంటర్నెట్లో వెతికాను. అది అరవైల నాటి ఆల్బమ్. సైకడెలిక్ పాప్ అంటారట ఆ సంగీతాన్ని, మత్తులో కనిపించే రంగులను పాటలో పెట్టే ప్రయత్నం. ఆ కుర్రాళ్ళు ఒక్క రికార్డుతోనే విడిపోయారు, అప్పట్లో దాన్ని కొనే దిక్కే లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఎవరెవరో దాన్ని మళ్ళీ కనిపెట్టి ఆహా ఓహో అంటున్నారు. నాకు కావాల్సింది కూడా అక్కడే దొరికింది. రికార్డు చివరి గాడిని వాళ్ళు కావాలనే గుండ్రంగా మూసేశారు. రికార్డు మీద నడిచే ప్లేయరు ముల్లు అందులో పడితే ఎవరో ఒకరు ఎత్తేదాకా అక్కడే తిరుగుతుంది. సరదాకి చేసిన పని.

కొత్త ముల్లు తెప్పించి ఆదివారం మధ్యాహ్నం తాత గదిలోనే పెట్టాను. దయ్యం లేదని రుజువు చేస్తానంటే కాదనలేకపోయాడు. సితారు, దాని వెనక చర్చిలో వాయించే ఆర్గన్, చివరి నుంచి మొదటికి తిప్పి వినిపించిన డప్పు శబ్దాలు, నీళ్ళ కింద నుంచి పాడుతున్నట్టు పిల్లల గొంతులు. అందంగా ఉంది, ఒళ్ళు జలదరించేలానూ ఉంది. చివరికి ఆ ఆడగొంతు వచ్చింది. రెండు సెకన్లకు కాస్త ముందే ఒక చుట్టు పూర్తవుతుంది, మళ్ళీ మొదలు.

"ఇను బిడ్డా, తిరిగినప్పుడల్లా ఒక అడుగు దగ్గరికొస్తది" అన్నాడు తాత.

ఒకే గాడి, ఒకే శబ్దం, మారడానికి వీల్లేదు. తర్వాత లాప్‌టాప్‌లో కొలిచి కూడా చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. కానీ ఆ గదిలో కూర్చున్నప్పుడు, నిజం చెబుతున్నాను, ఇరవయ్యోసారికి ఆ గొంతు నా భుజం దాకా వచ్చింది. గబుక్కున ముల్లు ఎత్తేసి, పాఠం చెప్పే గొంతుతో అన్నాను.

"సూసినవా తాతా, ముల్లు ఇరుక్కోలే. తయారు చేసినోళ్ళే గట్ల చేసిన్రు. దయ్యం లేదు, పిలుసుడు లేదు."

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"అయితే గది పిలువలేదా?"

"లేదు తాతా."

"మరి నేనే గద బిడ్డా."

అప్పుడు మిగతాది చెప్పాడు. జనం అరుపులకు చాయ వదిలేసి ఉరికొచ్చాడు. ముల్లు ఇరుక్కున్నదనుకున్నాడు. అందరి భయం తీర్చాలని, పైకి చూడకుండా మైకు అందుకుని, "ఏం గాలే తమ్మీ, ముల్లు ఇరుక్కున్నది" అన్నాడు. మూడో హారన్ తమ్ముడి చెవికి జానెడు దూరంలో ఉంది, ఆ ఉలికిపాటుకు పట్టు తప్పింది. "ఎవ్వలకు చెప్పలే ఇప్పటిదాక" అన్నాడు.

దుకాణం పది రోజులు తెరవలేదు. నలభై ఏళ్ళుగా ఆయన ఆ దయ్యం చాటున తలదాచుకుంటే, దాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో తీసిపారేశాను. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది. మిక్సీ ఆపాక, ఫ్యాను తిరుగుతున్నప్పుడు, ఆ గొంతు వినిపించేది. పదకొండో రోజు తాతే మా గుమ్మంలోకి వచ్చి, "ఆ ఊరికి తోల్కపో బిడ్డా. రికార్డు గూడ పట్టుకో" అన్నాడు.

రికార్డు, ప్లేయరు రెండూ పట్టుకుని ఆటోలో పోయాం. తమ్ముడి భార్య వాకిట్లో నులకమంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తాత నిలబడే చెప్పాడు.

"గా రికార్డు పిలువలే. నేను పిలిచిన. మైకుల."

ఆమె చేట మీద నుంచి చెయ్యి తీయలేదు. "నాకెరుకే బావా. మైకుల పిలిస్తివి, ఊరంత ఇన్నది."

బతుకంతా ఊళ్ళకు మాట వినిపించిన మనిషి. ఆ ఒక్క మాట మాత్రం ఎవరి చెవినా పడలేదనుకున్నాడు.

"మరి దయ్యమన్నరు గద అందరు?"

"రెండు దినాలు నువ్వు దుంకుతనని బాయి చుట్టూ తిరిగినవ్. నిన్ను గూడ పోగొట్టుకుంటమని మీ బాపు బుగులువడ్డడు. రికార్డే తిన్నదనుండ్రి అని ఇల్లిల్లు తిరిగి చెప్పిండు. అందరం అన్నం. నువ్వు నమ్మినవ్. బతికినవ్ గద, సాలు." చేట పక్కన పెట్టింది. "నలభై ఏండ్లు మొకం సూపియ్యలే. తప్పంటే గదే."

తాత అక్కడే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన పశ్చాత్తాపానికి ఏడ్చాడో, తండ్రి మాట మీద ఒక ఊరు మొత్తం తన కోసం ఇన్నేళ్ళు ఆడిన అబద్ధానికి ఏడ్చాడో నాకు తెలియదు. నాకూ కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆ తర్వాత బతికిన మూడు నెలలూ వారానికోసారి బస్సెక్కి ఆ ఊరికి పోయాడు. ఆమె రేడియో బాగుచేశాడు, ఇంటి వైరింగు మార్చాడు. తెలిసినది చెప్పే ముందు ఎదుటి మనిషి దేన్ని పట్టుకుని నిలబడ్డాడో చూసుకోవాలని నాకు నేర్పింది తాతే. ఆ పాఠం నేను ఆయన విషయంలోనే తప్పు చేసి నేర్చుకున్నాను, ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు.

ఆ మొదటి రోజు మాత్రం నన్ను వదలడం లేదు. ఏడుపులు సద్దుమణిగాక ఆమె, "గదేదో నన్ను గూడ ఇననియ్యి" అంది. ప్లేయరు వాకిట్లో పెట్టి కరెంటు వైరు కలిపాను, బ్యాటరీతో పలికే నా చిన్న స్పీకరు దానికి తగిలించాను. పాటలన్నీ కదలకుండా విన్నది. చివరి గాడిలో ఆ గొంతు తిరగడం మొదలైంది. ఆపమని ఎవరూ అనలేదు. ఎంతసేపు తిరిగిందో, ఉన్నట్టుండి కరెంటు పోయింది. పళ్ళెం వేగం తగ్గుతున్నకొద్దీ ఆ ఆడగొంతు బరువెక్కింది, ముద్దముద్దగా సాగింది, ఒక చుట్టు పాటు అచ్చం మగగొంతయింది. వేగం తగ్గితే స్వరం దిగుతుంది, నేను ఏటా బోర్డు మీద రాసే పాఠమే. అయినా చేతుల మీద రోమాలు లేచాయి. ఆమె రికార్డును చూడడం లేదు. వాకిలి తలుపు వైపు చూస్తోంది. కొంగు తల మీదికి లాక్కుంది. మెల్లగా ఒక పక్కకు జరిగి, మంచం మీద ఒక మనిషి పట్టేంత జాగ ఇచ్చింది. కరెంటు వచ్చేదాకా ఆ జాగలో మేమెవరం కూర్చోలేదు.