చల్లటి ఊరు వెతుకుతూ ధర్మవరం నుంచి

ఈ మే నెలలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు దించుకురమ్మని నా భార్య రత్నను పంపింది నేనే. గాలి లేస్తోంది, కాయలు ఎగిరిపోతాయని నా తొందర. నేను కూలర్ ముందు కూర్చుని పేపరు చదువుతున్నాను. ఆమె ఇంకా కిందికి రాలేదన్న సంగతి అరగంటకు గానీ నాకు తట్టలేదు. వెళ్ళి చూస్తే పిట్టగోడ పక్కన పడి ఉంది. వడదెబ్బ. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపుతూ డాక్టరమ్మ, "ఇంకోసారి ఎండ తగలకూడదు. చల్లగా ఉండే చోట పెట్టుకోండి" అంది.

ఆ మాటను నేను అక్షరాలా పట్టుకున్నాను. గుంతకల్లులో ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండి గార్డుగా పనిచేసినవాణ్ణి. ఏదైనా గళ్ళు గీసి రాస్తే గానీ నాకు నమ్మకం కుదరదు. నోటుబుక్కులో పట్టిక వేశాను. ఊరు, ఎత్తు, ఏడాది సగటు ఉష్ణోగ్రత, వాన, ఆసుపత్రి ఎంత దూరం. చివరి గడి: బాగుందా? మూడు ఊళ్ళు తేలాయి: మడికేరి, ఊటీ, మన హార్సిలీ హిల్స్. ఏది బాగుంటే అక్కడ ఇల్లు బాడుగకు తీసుకుని, ధర్మవరం ఇంటికి తాళం వేయాలని నిర్ణయించాను. నేనే నిర్ణయించాను. రత్నకు టికెట్లు తీశాక చెప్పాను. "సరే పదప్పా" అంది.

జూన్ మూడో వారంలో బయలుదేరాం. ధర్మవరంలో బెంగుళూరు బండి ఉదయం ఆరున్నరకు రావాలి, ఆరూ యాభైకి వచ్చింది. కిటికీ పక్క రెండు సీట్లు దొరికాయి. ఎదురుగా ఖాదర్ అని ఒకాయన సంచి నిండా ఫ్యాను రెక్కలు పెట్టుకుని కూర్చున్నాడు. మా ఊళ్ళోనే కూలర్లు బాగుచేస్తాడట. మోటార్లు కొనడానికి బెంగుళూరు పోతున్నాడు.

"యాడికన్నా, ఇద్దరూ బయలెల్లినారు?"

చల్లటి ఊరు చూసుకోవడానికని చెప్పి నా పట్టిక చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"మీరంతా సల్లని ఊర్లకు పోతే నా బతుకేం గావాలన్నా? కూలర్లు నేను పెనుకొండ కొండకు బిగించుకోవాల్నా?"

రత్న చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. ఆయనకు ఇంకా ఊపొచ్చింది. "ఒక మాట చెప్తా ఇనన్నా. కూలర్ పెట్టను పోతే మొగోళ్ళు టీవీ ముందర పెట్టమంటారు. నేను ఇనను. లోపలికి పోయి ఆడోళ్ళను అడుగుతా, నువ్వు యాడ కూసుంటావమ్మా అని. ఆడ పెడ్తే ఆ ఇంట్లో కూలర్ పదేండ్లుంటాది. లేకుంటే నెలకే చెడిపోయిందని ఫోన్ చేస్తారు."

నేను మర్యాదకు తలూపి పెనుకొండ కొండ వైపు చూశాను. ఆ కొండ కింద చేలు దున్ని పెట్టుకుని వాన కోసం చూస్తున్నారు. ఎర్రటి నేల, ఒక్క మొలకా లేదు. ఇక్కడ ఎవరుంటారు అనుకున్నాను.

బండి పదకొండింటికి బెంగుళూరు చేరింది. అక్కడ భోజనం చేసి, మైసూరు బస్సెక్కి, రాత్రికి స్టేషను దగ్గర గది తీసుకున్నాం. మరునాడు ఏడింటి బస్సుకు మడికేరి బయలుదేరి పదిన్నరకల్లా దిగాం. మీలో ఎవరైనా జూన్లో వెళితే గొడుగు చాలదు, వానకోటు తీసుకెళ్ళండి. మేము దిగినప్పుడు మొదలైన వాన మేము తిరిగి బస్సెక్కేదాకా ఆగలేదు. గది ఒక పాత పెంకుటింట్లో, రోజుకు తొమ్మిది వందలు, వేణ్ణీళ్ళు ఉచితం. ఇంటి యజమానురాలు పెద్దావిడ. రత్నకు కన్నడం బాగా వచ్చు కాబట్టి ఇద్దరికీ వెంటనే కుదిరింది.

మడికేరి అందంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కాఫీ తోటల మీద పొగమంచు పాకుతుంటే ఎండ అనే మాటే మరిచిపోతాం. నేను ఉత్సాహంగా నోటుబుక్కు తీసి "బాగుందా?" గడిలో టిక్కు పెట్టాను. రెండో రోజుకు మా బట్టలు ఆరలేదు. మూడో రోజూ ఆరలేదు. రత్న తడి చీర పట్టుకుని నిలబడితే పెద్దావిడ కన్నడంలో అంది: "ఈ ఊళ్ళో బట్టలు ఆరవమ్మా. మనమే తడి బట్టలకు అలవాటు పడాలి." చివరికి ఇద్దరూ కలిసి వాటిని కట్టెల పొయ్యి మీద దండెం కట్టి ఆరేశారు. ఆ చీరలో పొగ వాసన ఊరు చేరేదాకా పోలేదు.

ఆ సాయంత్రం వసారాలో కూర్చున్నప్పుడు రత్న కొంగు చివర రెండు వేళ్ళతో నలుపుతూ, "ఈడ పట్టు దారం నిలవదు" అంది.

"ఏమి?"

"తడి పీలుస్తాది. పడుగు వదులైపోతాది. మనూర్లో మే నెల్లో అయితే ఎండకు పుటుక్కుమంటాది. రెండూ కష్టమేలే."

పెళ్ళికి ముందు ఆమె మగ్గం నేసేది. వాళ్ళ నాయన దగ్గర పన్నెండో ఏట కూర్చుని, పెద్ద అంచు చీరలు ఒంటి చేత్తో నేసే స్థాయికి వచ్చింది. ఆ సంగతి నాకు తెలియక కాదు. దారం సంగతి ఇప్పుడెందుకని మాట మార్చాను.

మడికేరి నుంచి మైసూరుకు, మైసూరు నుంచి ఊటీకి. ఉదయం ఎనిమిదింటికి మైసూరులో ఎక్కితే మధ్యాహ్నం ఒకటిన్నరకు దిగాం. అడవి దారిలో ఏనుగులు కనబడతాయన్నారు గానీ, మాకు కనబడింది పేడ మాత్రమే. ఘాట్ రోడ్డులో రత్నకు రెండు సార్లు వాంతి అయింది. పక్క సీటులోని తమిళావిడ నిమ్మకాయ కోసి ఇచ్చి వీపు నిమిరింది. వీళ్ళిద్దరికీ ఒక భాష లేదు, అయినా దిగేటప్పుడు చేతులు పట్టుకుని విడిపోయారు.

నా పట్టికలో అన్నిటికంటే తక్కువ సగటు ఊటీదే. మా ఊరి సగటులో సగానికి కాస్త ఎక్కువ. గది గుట్ట మీద, మెట్లు అరవై రెండు. నేను లెక్కపెట్టింది నా కోసం కాదు, మెట్టు మెట్టుకూ రత్న మోకాలు పట్టుకుంటుంటే వెనక నిలబడ్డాను కాబట్టి. మధ్యాహ్నం రెండు గంటలకు, ఏ గంటకైతే ఆమె మిద్దె మీద పడిపోయిందో ఆ గంటకు, ఊటీలో ఆమె రెండు కంబళ్ళు కప్పుకుని, కాళ్ళకు నా మేజోళ్ళు వేసుకుని మంచం మీద ముడుచుకుని కూర్చుంది.

"బాగుండాదా?" అన్నాను, పెన్ను చేతిలో పెట్టుకుని.

"సలి వేరు, సల్లన వేరప్పా" అంది. "ఇది సలి."

ఆ రెండు మాటలూ పుట్టినప్పటి నుంచి వింటున్నాను, తేడా ఉందని ఎప్పుడూ ఆలోచించలేదు. నా పట్టికంతా చలి పట్టిక. అంకె ఎంత తగ్గితే అంత మంచిదనుకున్నాను. నోటుబుక్కులో టిక్కులన్నీ చూసుకున్నాను. మడికేరికి పెట్టింది నేను. ఊటీకి పెట్టబోతున్నదీ నేనే. ఫ్యాను రెక్కల సంచితో కూర్చున్న ఖాదర్ గుర్తొచ్చాడు. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను.

"రత్నా, నీకు సల్లగా యాడుండాది?"

ఆమె కిటికీ వైపే చూస్తూ, "చెప్తే ఏం చేస్తావు? సిమెంటు పోసి పూడిస్తివి గదా" అంది.

ఈ మాట చదివేవాళ్ళకు అర్థం కావాలంటే నా తప్పు పూర్తిగా చెప్పాలి. రత్న పుట్టింట్లోది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి దించి నేస్తారు. వాళ్ళ నాయన ఎండాకాలంలో ఆ గుంటలో తడి గోనెపట్ట పరిచేవాడు. దారానికి తేమ, మనిషికి చల్లన. పెళ్ళయి గుంతకల్లు క్వార్టర్సుకు వచ్చిన కొత్తలో ఒక మగ్గం పెట్టుకుందామని అడిగింది. "సర్కారు ఇంట్లో గుంట తవ్వితే మెమో ఇస్తారు. రిటైరైనాక మీ నాయన ఇంట్లో నేసుకుందువులే" అన్నాను. నాడె ఒకటి పెట్టెలో పెట్టుకుంది. దారం కండె పెట్టి పడుగులో అటూ ఇటూ విసిరే ఆ చెక్క ముక్కను ఏటా దసరాకు తీసి పసుపు రాసేది. నాలుగేళ్ళ క్రితం రిటైరై ధర్మవరంలో వాళ్ళ నాయన ఇంటికే చేరాం. ఆమె హిందూపురంలో పెళ్ళికని వెళ్ళిన రెండు రోజుల్లో నేను బేల్దారి మేస్త్రీని పిలిచి, ముందరింట్లో గుంట పూడ్పించి, టైల్స్ పరిపించి, సోఫా వేయించాను. ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. వచ్చి చూసింది. గుంట ఉన్న చోట నీళ్ళ బిందె పెట్టింది. నాలుగేళ్ళుగా అది అక్కడే ఉంది. సోఫాకు అడ్డమని నేను రెండు సార్లు జరిపితే, రెండు సార్లూ మళ్ళీ అక్కడికే వచ్చింది. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నించలేదన్నదే నిజం.

"నాకు మరుపు" అన్నాను ఊటీలో.

"మరుపు గాదు. నీకు పట్టదు" అంది. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

హార్సిలీ హిల్స్ చూడలేదు. మీరు వెళితే ఎలా ఉందో రాయండి. ఊటీ కొండ బస్సులో దిగి, మైసూరులో రాత్రి ఆగి, మరునాడు మధ్యాహ్నం ఒంటిగంటా పదికి బెంగుళూరులో బండెక్కాం. పెరుగన్నం పొట్లాలు రెండు కొన్నాను. గౌరీబిదనూరు దాటాక కిటికీలోంచి వేడి గాలి మొదలైంది. రత్న కొంగు తడిపి తల మీద వేసుకుంది. మడికేరి గాలిలో నీళ్ళున్నాయి, ఊటీ గాలిలో ఎత్తు ఉంది. మా గాలిలో ఏమీ లేదు, అందుకే చెమట పట్టగానే ఆరిపోతుంది, పొద్దు కుంకగానే నేల చల్లబడుతుంది. ఇన్నేళ్ళూ ఇక్కడే ఉండి ఈ సంగతి గమనించడానికి నాకు వారం రోజుల ప్రయాణం పట్టింది.

హిందూపురం దాటాక బేల్దారి ఓబులేసుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఓబులేసూ, ముందరింట్లో పూడ్చిన గుంట మళ్ళీ తవ్వాల."

"ఏమప్పా, పూడ్చమంటివి, ఇప్పుడు తవ్వమంటాండావు. టైల్స్ పగిలిపోతాయి సామీ!"

"పగలనీ."

"సోఫా?"

"మిద్దె మీదికెక్కించు."

రత్న నా వైపు చూసింది. "మరి మిద్దె మీద మిరపకాయలు ఎవరు దించుతారో?"

"నేనే."

"రెండు గంటలకా?"

"రెండు గంటలకే."

అవతల ఓబులేసు అరుస్తున్నాడు: "అది సరేలేప్పా, లోతెంత?"

నాకు తెలియదు. ఆ గుంట మీద నాలుగేళ్ళు నడిచాను, పూడ్పించేటప్పుడు పక్కనే నిలబడ్డాను, అయినా ఎంత లోతుండేదో చూడలేదు. ఫోన్ రత్న చేతికిచ్చాను. ఆమె సీటు అంచుకు జరిగి, చెప్పు విడిచి, కాలు కిందికి దించింది. మోకాలి నుంచి మడమ దాకా జానలు వేసింది. మళ్ళీ పై నుంచి వేసింది.

"ఉండు ఓబులేసూ" అంది. "అప్పటి కొలత చెప్తే తప్పయితాది. ఇప్పటి కాళ్ళతో కొలుస్తాండా."