కుట్టేసిన బెల్టు

డెల్ఫీనా మొగుడు ఒరెస్తెను పందెపు కారు చంపలేదు. అది విసిరేస్తే పోయి తగిలిన దీపస్తంభం చంపింది. పుర్రె పగిలిన ఒరెస్తెను చూసి పాదిరీ, "అదృష్టవంతుడు, కాలిపోలేదు" అన్నాడు. ఆవిడ ఆయన మీదికి చెప్పు విసిరింది.

తర్వాత టూరిన్‌లో ఒక కార్ల కార్ఖానాలో సీట్లకు తోలు కుట్టి బతికింది. 1969లో ఆ కార్ఖానా ఓ వింత పందెపు కారు తయారుచేసింది, గెలవడానికి కాదు, తోలేవాడు బతకడానికి. చుట్టూ ఉక్కు పంజరం, పెట్రోలుకు రబ్బరు సంచి, మంటలార్పే సీసా. బెల్టులు కుట్టింది డెల్ఫీనాయే. పందెగాళ్లు దాన్ని శవపేటిక అనేవారు. కనబడితే చాలు, కీడు తగలకుండా చూపుడువేలూ చిటికెనవేలూ కొమ్ముల్లా చాచేవారు. బెల్టు కట్టినవాడు మాడిపోతాడు, కట్టనివాడు ఎగిరి గడ్డిలో పడతాడు అని వాళ్ల నమ్మకం. పత్రికలు వీరత్వమని రాసింది దీన్నే.

ఆ కారును పూర్తి వేగంతో తోలి చూపే పని ఆవిడ తమ్ముడు ఎజియోకు దొరికింది. బయల్దేరేముందు డెల్ఫీనా లోపలికి తొంగిచూసింది. పట్టీలు భుజాల మీదుగా దిగాయి కానీ, కొసలు తొడల కింద దూర్చి వాటి మీద కూర్చున్నాడు.

"కట్టుకోరా."

"కట్టుకున్నా కదే అక్కా."

"పిర్రల కింద పెట్టుకున్నావు. గుడ్లు పొదుగుతున్నావా?"

మెకానిక్‌లు కిసుక్కుమన్నారు.

"అరవకే, ఇంజనీరు వింటాడు. మంటొస్తే ఎలా దూకను?"

"మీ బావ పడ్డాడుగా బయటికి. గడ్డిలో పడ్డాడా?"

"బండెక్కాక చచ్చినోడి ఊసా!" కీడు తగలకుండా గబుక్కున పంజరపు ఇనప గొట్టాన్ని ముట్టుకున్నాడు.

ఆవిడ లాగి చెంప మీద కొట్టింది. పెదవి చిట్లింది. వాడు తేరుకునేలోగా కొసలు లాగి కొక్కెం బిగించి, విప్పుకోకుండా మైనపుదారంతో పట్టీలను కలిపి కుట్టేసింది. అడ్డొచ్చిన వాడి బొటనవేలికీ ఒక పోటు పడింది. ఇంజనీరు జెండా ఊపాడు. ఎజియో బూతులు తిడుతూనే కారును ఉరికించాడు.

మలుపులో వెనక టైరు పేలింది. కారు కంచెను చీల్చి, గాల్లో గిర్రున తిరిగి బోర్లాపడింది. ఇంజను ఊడి అంటుకుంది. సీసా పేలి తెల్లపొడి కమ్మింది. పంజరంలో ఎజియో తలకిందులుగా వేలాడుతూ గావుకేకలు పెట్టాడు.

"విప్పండ్రోయ్! అక్కా, నిన్ను చంపుతా!"

డెల్ఫీనా తోలు కోసే కత్తితో పరుగెత్తింది. తన కుట్టే తనకు తెగలేదు. వాడి పిడికిళ్లు ముఖం మీద పడుతున్నాయి. పొడి పలచబడి మంట మళ్లీ లేచింది. ఎర్రగా కాలిన గొట్టాన్ని ఎడమచేత్తో పట్టుకుని పట్టీలు కోసింది. అరచేతి చర్మం గొట్టానికే ఉండిపోయింది.

వాడు భుజం మీద పడ్డాడు. ఎముక బయటికి పొడుచుకొచ్చింది. అయినా పాక్కుంటూ బయటికొచ్చి, హెల్మెట్‌తో ఆవిడ మూతి మీద మోదాడు. పళ్లు రాలాయి.

"నన్ను కట్టేసి కాల్చాలనుకున్నావు కదే!"

ఆవిడ నెత్తురు ఉమ్మింది. "కాలావా? అరుస్తూనే ఉన్నావుగా. ఇంకా అరవరా."

అలాంటి కారునే మళ్లీ కట్టి ప్రదర్శనలో పెడితే జనం చప్పట్లు కొట్టారు. పందెంలో ఎవడూ దింపలేదు. ఎజియో చెయ్యి మళ్లీ స్టీరింగు పట్టలేదు. అక్క నన్ను అవిటివాణ్ణి చేసిందని కాఫీ కొట్లన్నింట్లో చెప్పుకునేవాడు. వీధిలో ఎదురైతే తిట్టుకుంటూ అటుపక్కకు దాటేవాడు.

"ట్రామొస్తోందిరా, చూసుకో!" అని ఆవిడ కేకేసేది.