తలా తోకా కలవలేదు

వైరాలో మా ఇంటికి పొద్దున్నే కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ వచ్చింది. "అత్త పోయింది వదినా," అంది పెద్దమ్మ కోడలు. ఇంకేదో చెప్పబోయి ఆగింది. ఆ ఆగడమే నన్ను భయపెట్టింది.

ములకలపల్లి అవతల అడవి అంచు పల్లెల్లో ఒంటి మీద ఏ దద్దుర్లు లేచినా పెద్దమ్మ గడప తొక్కేవారు. ఆకు పసరులో గడపలకు పూసే జాజు, వెన్న కలిపి నూరేది. చిన్నప్పుడు నా వీపు మీద ఆ మందు తగిలినప్పటి చల్లదనం ఇప్పటికీ గుర్తే. ఎక్కువగా సర్పి లేచినవాళ్లు వచ్చేవారు. నడుము చుట్టూ పాకే ఆ పొక్కుల తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మా వైపు నమ్మకం. అందుకే ఆ రెంటికీ మధ్య మిగిలిన చోటే ముందు పూసేది. "దారి మూసినంక మంట సంగతి సూద్దాం," అనేది. పూస్తున్నంతసేపు ఎవరూ సర్పి పేరెత్తకూడదు. నాలాంటి వాగుడుకాయ నోరు మూసుకున్నది ఆ ఒక్క ఇంట్లోనే. పంపేటప్పుడు మాత్రం, "దవాఖానకు గూడ పోర్రి. నా మందు మంట సల్లారుస్తది గానీ జరం దించదు," అని మరీ మరీ చెప్పేది.

ఈ వానల్లో సర్పి ఆమెకే లేచింది. మందు నూరే చెయ్యి తన ఒంటికి పూసుకోకూడదని వాళ్ల కట్టుబాటు. ఆమె పడుకుని చెబుతుంటే కోడలు పూసింది. పొక్కులు మాడాయి. జ్వరం మాత్రం దవాఖాన మందుకూ దిగలేదు.

నేను వెళ్లేసరికే వాకిట్లో మాట పుట్టింది. "కలిసినయంట. కోడలి చెయ్యి మంచిది కాదు." ఎవరూ గొంతు పెంచలేదు. కోడలు దగ్గరికొస్తే మాత్రం పక్కకు జరుగుతున్నారు.

స్నానం పోసేటప్పుడు పెద్దమ్మ నడుము చూశాను. మధ్యలో అరచెయ్యంత చోట చర్మం నున్నగా ఉంది. "కలవలే. నా కండ్లతోని సూసిన," అని వాకిట్లోకొచ్చి గట్టిగానే చెప్పాను. అందరూ తలలు ఊపారు. ఒక్కరూ నమ్మలేదు. అంతమందికి మందు రాసిన మనిషి వాకిట్లో ఇదేం మాటని నాకు ఏడుపొచ్చింది.

దినాలయ్యాక పక్క గూడెం నుంచి ఒకామె వచ్చింది. నడుము పట్టుకుని వంగి నడుస్తోంది. "పెద్దవ్వ లేదా?" అంది.

"పోయింది. రా అక్కా, నేను పూస్త. అత్తనే నేర్పింది," అంటూ కోడలు గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది.

ఆమె గిన్నె వైపు చూడలేదు, పట్టుకున్న చెయ్యి వైపు చూసింది. నొప్పికి పళ్లు బిగించి, కొంగు నడుముకు చుట్టుకుని, వచ్చిన దారినే అడవిలోకి తిరిగింది. మందు అంచుల దగ్గర ఎండిపోతున్నా కోడలు ఆ గిన్నె దించలేదు.