చంద్రమ్మ గళ్లలో సున్నా

“మళ్ల గదే అడుగుతున్న స్వప్నమ్మా. మా బస్తీ భూలక్ష్మి బిడ్డ పేరు లిస్టులకెల్లి ఎట్ల పోయింది?”

బోరబండ పసిపిల్లల దవాఖానలో ఆయా చంద్రమ్మ ఆ మాట అడగడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. ఆమె పని పిల్లల్ని తూచడం. రెండున్నర కిలోలకు తగ్గిన పిల్లల పేర్లు లిస్టులోకి ఎక్కుతాయి. ఎక్కితే వారం వారం డాక్టరమ్మ ఇంటికే వస్తుంది. లేదంటే నెల దాకా ఎదురుచూపే! భూలక్ష్మి పాపకు పాలు పీల్చే ఓపిక కూడా లేదు.

ఆ లిస్టు ఇప్పుడు కంప్యూటరు తీస్తోంది. హైటెక్ సిటీలోని ఒక కంపెనీ కంప్యూటరును ఉచితంగా ఇచ్చి, ప్రోగ్రాము రాసిన స్వప్నను కూడా వెంట పంపింది. చందానగర్ పిల్ల, మొదటి ఉద్యోగం. ఆమె కూర్చుని ప్రోగ్రాము రాసిన అద్దాల మేడకు ఇటుకలు మోసింది చంద్రమ్మ పెనిమిటి ఎల్లయ్యే, చూశారా చిత్రం!

“పాప రెండున్నర కిలోలుంది చంద్రమ్మా. ఇదిగో, రెండు పాయింట్ యాభై. కంప్యూటర్ తప్పు చెప్పదు.”

“చెప్పదా? మరి ఆరేండ్ల సంది తూస్తున్న నా చేతులు అబద్ధం చెప్తున్నయా? జర పట్టు.”

వద్దు వద్దంటున్నా స్వప్న చేతుల్లో పాపను పెట్టేసింది. పిడికెడు పత్తిలా ఉంది. ఆ తర్వాత, తూకానికి వచ్చిన పద్మావతి కొడుకును పెట్టింది. వాడు నిజంగా రెండున్నర కిలోలు. స్వప్న మోచేయి కిందికి దిగింది.

“ఏందమ్మా, గిప్పుడు కంప్యూటర్ ఏమంటది?”

స్వప్న ముఖం ఎర్రబడింది. “మీరు కాటా చూసి ఏం చెప్పారు?”

“రెండు కిలోల యాభై గ్రాములు.”

ప్రోగ్రాము రాసేటప్పుడు స్వప్న కిలోలను ఒక పెట్టెలో, గ్రాములను ఇంకో పెట్టెలో తీసుకుని మధ్యలో చుక్క పెట్టి అతికించింది. రెండు, చుక్క, యాభై. అంతే, యాభై గ్రాములు కాస్తా అర కిలో అయి కూర్చున్నాయి!

చంద్రమ్మ అల్మారాలోంచి పాత రిజిస్టరు తీసింది. చదివింది అయిదో తరగతే, అదీ తెలుగు బడిలో. అంకెలు మాత్రం ముత్యాలు.

“గిటు చూడు బిడ్డా. గ్రాములకు మూడు గళ్లు. వందలు లేకుంటే ఆ గడిల సున్నా పెడ్త. ఖాళీ ఇడిస్తే పక్క అంకె జరిగొచ్చి కూసుంటది. బస్సుల సీటు లెక్క!”

స్వప్న ఫక్కున నవ్వింది. వెంటనే కుర్చీ జరుపుకుని ప్రోగ్రాము దిద్దింది. అన్నీ గ్రాములుగా కలిపి, వెయ్యితో భాగించి, చుక్క తర్వాత ఎప్పుడూ మూడు అంకెలే చూపించమంది. లేని చోట సున్నా. ప్రింటరు గరగరమంటూ కొత్త కాగితం తీసింది. భూలక్ష్మి పాప బరువు 2.050! ఆ పాపతో పాటు మరో ముగ్గురు పిల్లలు కూడా లిస్టులోకి వచ్చేశారు.

“మీరు అడక్కపోయుంటే...” అంటూ స్వప్న చంద్రమ్మ చేతులు పట్టుకుంది.

“నువ్వు ఇన్నవు బిడ్డా. గది సాలు. పెద్ద సదువులోల్లు మా మాట ఇంటరా?” అంది చంద్రమ్మ. కొంగుతో కళ్లొత్తుకుంది.

సోమవారమే డాక్టరమ్మ భూలక్ష్మి గడప తొక్కింది. అప్పటి నుంచి వారం తప్పలేదు.

అయిదు వారాలు గడిచాయి. ఇవాళ కాటా తొట్టిలో పాప కాళ్లు తన్నుతుంటే ముల్లు నిలబడక చంద్రమ్మకు చెమటలు పట్టాయి. నిలబడ్డాక ఆమె ఒకటికి రెండుసార్లు చూసింది. మూడు కిలోల యాభై గ్రాములు. నిండుగా కిలో పెరిగింది!

రిజిస్టరు చివరి పేజీలో, కంపెనీకి తిరిగి వెళ్తూ స్వప్న రాసిచ్చిన ఆఫీసు నంబరు ఉంది. కొంగు ముడిలో రూపాయి బిళ్ల ఉంది. మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే మూల మీది ఫోను డబ్బాకు పోవాలి. ఎత్తినవాళ్లు ఎవరని అడిగితే, కాటా చంద్రమ్మను అని చెప్పాలి. స్వప్న లైనులోకి రాగానే ముందు అంకెలే చెప్పాలి: మూడు, చుక్క, సున్నా, అయిదు, సున్నా. ఒక్క గడి కూడా ఖాళీ పెట్టకుండా.