యెరూషలేము చిరునామా మార్చిన మాస్టారు

మా సోషల్ మాస్టారు పోయారు. మొన్న పొద్దున్న నరసన్నపేటలో నా టైర్ల కొట్టు షట్టరు ఎత్తుతుంటే కబురొచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా ఆయన చేసిన పని బహుశా అదొక్కటే.

ఆయన దగ్గర చదువుకున్నాను. చదివాననడం కంటే కూర్చున్నాననడం న్యాయం. "నీకు పాఠం రాదు గానీ ఎనక బెంచీని బాగా ఏలతన్నావురా" అనేవారు.

రిటైరయ్యాక ఆయన్ని బైబిలు పట్టుకుంది. భక్తి కాదు, ఇంట్లో రోజూ దీపం పెట్టుకునే మనిషే. ఆయన తగువంతా మ్యాపుతో. పాత నిబంధనలోని ఊళ్లూ కొండలూ ఇప్పుడు చూపిస్తున్న చోట కావనీ, ఎర్ర సముద్రం పక్కన అరేబియా కొండల్లో ఉండేవనీ అనేవారు. అలా అనే పండితులు లోకంలో ఇంకా కొందరున్నారట. అక్కడి పల్లెల పేర్లు గ్రంథంలోని పేర్లతో కలుస్తాయట. జనం ఉత్తరానికి వలసపోతూ పేర్లు కూడా పట్టుకుపోయారని ఆయన లెక్క.

"మన భావనపాడోళ్లు పడమటి సముద్రానికి సేపల ఏటకెళ్లి అక్కడ గుడిసెలేసుకుంటే, ఆ ఈధిని ఏటంటారు? భావనపాడనే. ఊరి పేరు మనిషితో పాటు మూట కట్టుకుని బయల్దేరతాదిరా!"

గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా మా వైపు జనం సెంటు సీసాలు అడుగుతారు. ఈయన మాత్రం "ఆ కొండల మీద వానలు పడతాయేట్రా?" అని అడిగేవారు.

ఓసారి వాళ్ల గుమ్మం ఎదుటి మైలురాయి మీద సుద్దతో 'యెరూషలేము' అని రాసి వచ్చాను. సాయంత్రం నా కొట్టుకి వచ్చేశారు.

"ఒరే, రాసినోడివి బాణం గుర్తు ఎయ్యొద్దేటి? అసలు తగువంతా ఎటన్నదే కదా!"

ఆ గ్రంథం ఎవరిదో వాళ్ల ముందే ఒక్కసారి ఈ మాట చెప్పాలని ఆయన కోరిక. అదే వీధిలో ఉండే పాస్టరు గారు ఏళ్ల తరబడి నవ్వి తప్పించుకున్నారు. చివరికి పోయిన వానాకాలం ఒక ఆదివారం సాయంత్రం చర్చిలో మాట్లాడమన్నారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా దగ్గరికొచ్చారు.

"తోడు రారా. ఆలకి కోపం వస్తే?"

"పరిగెట్టడం ఒక్కటే నాకొచ్చిన ఇద్దె మాస్టారూ, పదండి."

బోర్డు మీద రెండు మ్యాపులు గీసి చెప్పారు. ఎవరికీ కోపం రాలేదు. అంతకన్నా ఘోరం, ఆవులింతలొచ్చాయి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే అందరూ గుమ్మం వైపు చూశారు. ఆయన మొహం వాడిపోతుంటే చూడలేక నేనే లేచాను.

"మాస్టారూ, పేర్ల మూట అరేబియా నుంచే అటెళ్లిందని ఏటి గేరంటీ? అట్నుంచే అరేబియాకి రాకూడదేటి?"

ఆయన వేళ్ల మధ్య తిరుగుతున్న సుద్దముక్క ఆగిపోయింది. కొంప ముంచానా అనుకున్నాను. చూస్తే మొహం వెలిగిపోతోంది.

"తెల్దురా! ఇన్నేళ్లూ ఇలాగడిగినోడే లేడు!"

అప్పుడు లేచారు పాస్టరు గారు. "ఆడొక్క మాటంటే ఒగ్గేస్తారేటి మాస్టారూ? ఆ ఊళ్ల పేర్లు మళ్లీ ఒక్కోటీ సెప్పండి, సూద్దాం."

బయటికొచ్చేసరికి వాన. ఇద్దరూ ఒకే గొడుగు కింద బయల్దేరారు. గొడుగు పాస్టరు గారిది, గొంతు మాస్టారిది. వాదించుకుంటూ పాస్టరు గారి ఇల్లు దాటేశారు. కాసేపటికి మాస్టారి ఇల్లూ దాటేశారు. చెరో భుజం తడిసి ముద్దవుతున్నా ఇద్దరికీ పట్టలేదు. వీధి చివర దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ రెండిళ్లూ దాటుకుంటూ వెళ్లారు.